సూరత్ బండి

ఆ ఏడు అమ్మవారి సంబరాలకని శ్రీను సూరత్ నుంచి వచ్చాడు. సంబరాలు అయ్యాయి. చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న అతని భార్య ఉమాదేవి అటుకులు, బెల్లం, మామిడికాయ ఊరగాయ సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. శ్రీను మంచం మీంచి లేవలేదు.

“బండికి టైమైపోతంది, లెగు మావా,” అంది.

“ఒంట్లో బాగోనేదు. వచ్చే వారం ఎల్తాను,” అన్నాడు గోడ వైపు తిరిగి.

వచ్చే వారం వెళ్లలేదు. ఆ పై వారం ఉమ మళ్లీ సంచి సర్దింది. ఈసారి శ్రీను లేచి, చొక్కా వేసుకుని, గుమ్మం దాకా వచ్చి, చెప్పుల్లో ఒక కాలు పెట్టి అక్కడే కూలబడ్డాడు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఉమ వెళ్లి ఆటోను పంపించేసి వచ్చేసరికి శ్రీను ఏడుస్తున్నాడు. పెళ్లయ్యాక అతను ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. తండ్రి పోయినప్పుడు కూడా సూరత్ నుంచి వచ్చి, జరిపించాల్సినవన్నీ జరిపించి, కన్నీరు చూపించకుండా వెళ్లిన మనిషి.

“ఏటయినాది మావా? అక్కడేటైనా గొడవా?”

“గొడవేటి నేదు.”

“మరేటి?”

“తెల్దు,” అన్నాడు.

అది నిజమే. అతనికి తెలియదు.

వాళ్ల ఊరు బరంపురానికి దక్షిణంగా, రామయ్యపట్నం పోయే దారిలో, ఆంధ్రా సరిహద్దుకు కాస్త ఇవతల, ఒడిశాలోనే ఉంటుంది. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో ఒడియా. సంతలో రెండూ కలిసిపోతాయి. మీసం మొలవగానే సూరత్ బండి ఎక్కడం గంజాం జిల్లాలో చాలా ఊళ్లలాగే అక్కడి మగపిల్లలకూ అలవాటు. శ్రీను కూడా అలాగే వెళ్లాడు. బట్టల కార్ఖానాలో మరమగ్గాల మీద పని. చెవులు దిబ్బళ్లు పడే చప్పుడులో, వరసగా నడిచే మగ్గాల మధ్య, దారం ఎక్కడ తెగితే అక్కడికి పరుగెత్తి ముడి వెయ్యాలి. అతను పంపిన డబ్బుతోనే రేకుల ఇల్లు శ్లాబు అయింది. కూతురు సౌందర్య ఊరి బడి దాటి పెద్ద బడికి వెళ్తోంది. తల్లి కన్నమ్మ కంటికి ఆపరేషన్ అయింది. తాగుడు లేదు, పేకాట లేదు. ఊళ్లో తల్లులు కొడుకుల్ని తిట్టాలంటే ‘ఆ శ్రీనుని సూసి నేర్సుకో’ అనేవారు.

అలాంటి మనిషి పెరట్లో జామచెట్టు కింద నులక మంచం వేసుకుని పడుకున్నాడు. నీడ జరిగి ఎండ మీదికొచ్చినా మంచం జరపడు. సౌందర్య బడి నుంచి వచ్చి, “నాన్నా, ఎండ,” అంటే లేచి నిలబడతాడు. ఆ పిల్ల మంచం లాగాక మళ్లీ పడుకుంటాడు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు పెడతాడు. స్నానానికి నీళ్లు తోడితే చల్లారిపోతాయి. ఫోను మోగితే దిండు కిందికి తోస్తాడు. వాళ్ల ఊరివాడే అయిన సూరత్ మేస్త్రీ శ్యామసుందర్ మొదట్లో రోజూ చేసేవాడు, తర్వాత వారానికోసారి. ఒకరోజు ఉమకే చేసి, “సెల్లీ, ఆడి జాగాలోకి ఇంకొకల్ని తీసేసుకున్నారు. నానేటీ సెయ్యలేను,” అన్నాడు.

ఎవరో ఏదో చేశారని కన్నమ్మకు అనుమానం పట్టుకుంది. కొడుకు శ్లాబు ఇల్లు కట్టాక ఎవరి కళ్లు ఎలా ఉన్నాయో ఆమె ఒక్కొక్కరినీ తలుచుకుంది. కొండ పక్క ఊళ్లో ఒక గుణియా ఉన్నాడు; గాలి, చేతబడి విప్పుతాడని పేరు. కోడిపుంజు, నిమ్మకాయలు, కొత్త తువ్వాలు పట్టుకుని కొడుకును తీసుకెళ్లింది. గుణియా వేపమండలతో కొట్టాడు, బూడిద నోట్లో వేశాడు, తాయెత్తు కట్టాడు. శ్రీను ఎదురు చెప్పలేదు. కూర్చోమన్న చోట కూర్చున్నాడు, తల ఊపమంటే ఊపాడు. ఇంటికొచ్చి మంచం ఎక్కాడు.

“నాయనా, ఏటైనా తేలికగా ఉన్నాదా?” అని అడిగింది కన్నమ్మ.

“ఉన్నాదమ్మా,” అన్నాడు. తల్లి ముఖం చూడలేక అన్న మాట అది.

ఇంట్లో దాచుకున్నది ఎంతో కాలం రాలేదు. రేషన్ బియ్యం ఉన్నాయి కనక అన్నానికి లోటు లేదు, మిగిలిన వాటికే. రోడ్డు పక్క చిన్న చెక్క పొలం ఊరి పెద్దరైతుకు తాకట్టు పోయింది. తర్వాత ఉమ చెవి కమ్మలు పోయాయి. ఆమె చెవులకు వేపపుల్లలు పెట్టుకుని, సరిహద్దు దాటి జీడిపప్పు కార్ఖానాకు పనికి వెళ్లడం మొదలుపెట్టింది. కాల్చిన జీడిగింజలు చిన్న దుడ్డుకర్రతో కొట్టి పప్పు తియ్యాలి. గింజలోంచి చిమ్మే జీడి చేతుల మీద పడితే చర్మం కాలి నల్లబడుతుంది, పొరలు లేస్తుంది. బూడిద రాసుకుంటే కొంత నయం. వారం తిరిగేసరికి ఆమె వేళ్లు కాలిన కట్టెల్లా అయ్యాయి.

ఒక సాయంత్రం మంచం పక్కన కంచం పెడుతుంటే శ్రీను ఆ చేతులు చూశాడు.

“అయ్యేటి?”

“జీడి.”

అతను చాలాసేపు చూసి గోడ వైపు తిరిగాడు. ఒక్క మాట అయినా అనలేదు. ఉమ కంచం అక్కడే పెట్టి వెళ్లిపోయింది. తన కష్టం అతనికి పట్టనేలేదనుకుంది. అతని లోపల ఏం జరిగిందో అప్పుడు ఆమెకు తెలియదు. ‘నా వల్లే’ అన్న ఒక్క మాట అతని తలలో పట్టుకుని, కార్ఖానాలో మగ్గంలా, ఆపుదామన్నా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. చేతులు పట్టుకోవాలనుకున్నాడు. చెయ్యి మంచం మీంచి లేవలేదు.

ఆషాఢంలో వాన సరిగా పడలేదు. కుళాయి రెండు రోజులకోసారి వస్తోంది. ఒకరోజు పనికి వెళ్తూ ఉమ, “కొలాయి వస్తే రెండు బిందెలు పట్టు మావా. అదొక్కటి సెయ్యి. అమ్మ మోకాలు నొప్పితో ఒంగలేదు,” అని చెప్పి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి బిందెలు ఖాళీగా ఉన్నాయి. కుళాయి వచ్చి వెళ్లింది. శ్రీను ఆ చప్పుడు వింటూనే పడుకున్నాడు.

ఉమ చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టింది.

“నీకు కాల్లు నేవా, సేతులు నేవా? జొరం నేదు, దగ్గు నేదు. ఊల్లో నలుగురు నాలుగు రకాలుగా అనుకుంతంటే నానెక్కడ తలెట్టుకోవాలి? రెండు బిందెలు. నిన్నేటి మిషన్లు తిప్పమన్నానా? నువ్వు మగోడివేనా?”

శ్రీను లేచి కూర్చున్నాడు. తిట్టిన మాటకు కోపం తెచ్చుకోవడానికి కూడా అతని దగ్గర ఏమీ లేదు. కళ్లలోంచి నీళ్లు వాటంతటవి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

“నాకూ అదే అనిపిస్తంది ఉమా,” అన్నాడు. “లెగాలనే అనుకుంతాను. కొలాయి సప్పుడు ఇన్నాను. లెగు, లెగు అని నాకు నానే సెప్పుకున్నాను. ఈలోగా ఆగిపోనాది.”

ఉమ వంటింట్లోకి వెళ్లి నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. తిట్టినందుకు సిగ్గేసింది. తిట్టకుండా ఎలా ఉండాలో కూడా తెలియలేదు.

ఉమ అన్న కూర్మారావు ఆ వారంలోనే వచ్చాడు. సముద్రం ఒడ్డు రొయ్యల చెరువుల దగ్గర అతను చాలా ఏళ్లుగా మేస్త్రీ. మాట కరుకు, మనసు కాదు.

“కూకుంటే ఒల్లు బరువెక్కిపోతాది బావా,” అన్నాడు శ్రీను పక్కన మంచం మీద కూర్చుని. “మా సెరువుల కాడ కాపలాకి మనిషి కావాల. బరువు ఎత్తీది నేదు. కూకుని సూడ్డమే. కరెంటు పోతే జనరేటర్ ఏసి సక్రాలు తిప్పాల, అంతే. నాను యజమానికి నీ పేరు సెప్పేసినాను.”

శ్రీను వెళ్లాడు. నలుగురి ముందు కాదనడానికి కూడా ఓపిక కావాలి. అది లేక వెళ్లాడు. మొదటి రోజుల్లో బాగానే ఉందనిపించింది. గట్టు మీద తాటాకు పాకలో కూర్చునేవాడు. చెరువు మధ్యలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు చిమ్ముతూ తిరిగేవి. ఉమ అన్నం మూట కట్టి పంపేది. వీధిలో ఆడవాళ్లు, “మీ ఆయన పనికెల్తన్నాడట కదా,” అంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేదు. ఉక్క. కరెంటు పోయింది. చక్రాలు ఒక్కొక్కటీ నెమ్మదించి ఆగాయి. శ్రీను చూశాడు. జనరేటర్ పది అడుగుల దూరంలో ఉంది. లేచి తాడు లాగితే చాలు. ఏం చెయ్యాలో అతనికి బాగా తెలుసు. నీళ్లలో గాలి తగ్గితే రొయ్యలు పైకి తేలతాయని కూర్మారావు చెప్పింది కూడా గుర్తుంది. తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టున్నాయి. ‘ఇప్పుడు లెగుతాను’ అనుకున్నాడు. మళ్లీ అనుకున్నాడు. గట్టు పక్కన ఒక రొయ్య పైకి వచ్చి మీసాలు ఆడించింది. తర్వాత చాలా వచ్చాయి. నీటి మీద చినుకులు పడ్డట్టు చెరువంతా కదిలింది. అతను అది చూస్తూనే కూర్చున్నాడు.

పక్క చెరువు వాళ్లు చూసి పరుగెత్తుకొచ్చి జనరేటర్ వేసేసరికి ఆలస్యమైపోయింది.

యజమాని కొట్టలేదు, తిట్టలేదు. పాకలో కూర్చున్న శ్రీను ముఖంలోకి కాసేపు చూసి, కూర్మారావు వైపు తిరిగి, “ఈయన్ని ఇంటికి తీసుకుపో. రేపట్నుంచి నువ్వు కూడా రానక్కర్లేదు,” అన్నాడు.

కూర్మారావు శ్రీనును మోటారు సైకిల్ మీద ఎక్కించుకున్నాడు. ఇంటి ముందు ఆపి, “నిద్రపోనావా?” అని అడిగాడు.

“నేదు బావా.”

“మరి?”

“సూస్తన్నాను.”

“సూస్తా సూస్తా ఊరుకున్నావా?”

శ్రీను తల దించుకున్నాడు. కూర్మారావుకు అప్పటిదాకా ఉన్న కోపం పోయి ఏదో భయం పట్టుకుంది. చెల్లెలితో పక్కకు వెళ్లి, “ఇది ఒల్లు బరువు కాదే. ఇదేదో మరో రకంగా ఉన్నాది. ఆసుపత్రిలో సూపించు,” అన్నాడు. తన పని పోయిన సంగతి అతను ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత వదిన నోటి నుంచి ఉమకు తెలిసింది. ఆ తర్వాత వదిన ఈ గడప తొక్కలేదు.

ఊళ్లో ఆశా కార్యకర్త బుల్లమ్మ. కాన్పులు, టీకాలు ఆమె పని. ఉమ ఆమె దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. బుల్లమ్మ విని, “మనసుకొచ్చీ జబ్బులకి బరంపురం పెద్దాసుపత్రిలో వేరే డాట్రు ఉంటారు. పిచ్చి డాట్రని భయపడకు. మా ఆడబడుసుక్కూడా కాన్పయ్యాక ఇలాగే అయితే అక్కడే సూపించినాం. నాను కూడా వస్తాను,” అంది.

ఆసుపత్రి వరండాలో బారు పొడుగునా జనం. శ్రీను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పిలిచాక లోపలికి వెళ్తే, ఒడియా డాక్టరమ్మ, చిన్న వయసు, అలిసిపోయిన ముఖం. వీళ్లకు ఒడియా నీళ్లలా వచ్చు. ఆమె శ్రీనునే అడిగింది, ఎన్నాళ్లయిందని. జవాబు ఉమ చెప్పింది. నిద్ర పడుతోందా అంటే ఉమే చెప్పింది. తిండి ఎలా ఉంది అన్నా ఉమే. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, “ఆయన్ని చెప్పనివ్వమ్మా. ఎంతసేపైనా పర్వాలేదు,” అంది.

బయట బారులోంచి ఎవరో తలుపు కొట్టారు. డాక్టరమ్మ పట్టించుకోలేదు.

“సూరత్‌లోనే మొదలైనాది,” అన్నాడు శ్రీను చివరికి. “మిషన్ మీద దారం తెగిపోతాది. నాను సూస్తాను. సెయ్యి ఎల్లదు. గుడ్డ అంతా పాడైపోయేది. రూములో పడుకుంటే తెల్లారకూడదని దండం పెట్టుకునేవాడిని. ఇంటికి ఎలితే తగ్గిపోతాదనుకున్నాను. తగ్గనేదు.”

ఉమ అతని వైపు తిరిగి చూసింది. ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

“చచ్చిపోవాలని అనిపిస్తుందా?” అని అడిగింది డాక్టరమ్మ, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా.

“అనిపిస్తాది,” అన్నాడు. “దానికైనా లెగాలి కదా.”

బుల్లమ్మ ఉమ భుజం పట్టుకుంది.

ఇది డిప్రెషన్ అనే జబ్బని, సోమరితనం కాదని, గాలీ ధూళీ కాదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది. అవి పట్టడానికి వారాలు పడుతుందని, తగ్గినట్టనిపించినా మానకూడదని చెప్పింది. శ్రీను బయటికి వెళ్లాక ఉమను ఆగమని మరో మాట చెప్పింది. మందు పనిచెయ్యడం మొదలెట్టాక ముందు ఒంట్లోకి ఓపిక వస్తుంది, మనసు తర్వాత కుదుటపడుతుంది. ఆ మధ్య రోజుల్లోనే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి, ఒంటరిగా వదలకూడదు అని.

“పనికి ఎప్పుడెల్తాడమ్మా?” అని అడిగింది ఉమ.

“ఇప్పుడు ఆ మాట అడక్కండి,” అంది డాక్టరమ్మ.

బస్సులో వస్తూ ఉమ అదే తలుచుకుంది. ఒంటరిగా వదలకూడదు. తను పనికి వెళ్లకపోతే కూర లేదు, బస్సు చార్జీ లేదు. పొలాల్లో కొట్టే పురుగుమందు డబ్బా ఒకటి అటక మీద ఉంటే తీసుకెళ్లి కూర్మారావు ఇంట్లో పెట్టింది. బావి మీద చెక్కలు వేయించింది. పొద్దున్న కన్నమ్మ, సాయంత్రం సౌందర్య అతన్ని చూసుకోవాలని వంతులు పెట్టింది. కన్నమ్మకు కోడలి మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ కొడుకు పెరట్లోకి వెళ్తే తనూ కుంటుకుంటూ వెళ్లి, ఏమీ అడగకుండా, జామచెట్టు కింద బియ్యం ఏరుతూ కూర్చునేది. సౌందర్య బడి నుంచి వచ్చి మంచం పట్టె మీద పుస్తకం పెట్టుకుని ఒడియా పాఠాలు పైకి చదివేది. తండ్రి వింటున్నాడో లేదో ఆ పిల్ల అడిగేది కాదు.

మాత్రలు మొదట్లో అతన్ని నిద్రలో ముంచేశాయి. నోరు ఎండిపోయేది. “ఈ మందులే నా కొడుకుని సంపేస్తన్నాయి,” అని కన్నమ్మ దాచేసింది. వారం రోజులు మాత్రల్లేక అతను మళ్లీ అన్నం ముట్టడం మానేస్తే ఆమే బయటికి తీసి, కోడలి చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంది. ఉమ మాత్ర, నీళ్లు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

దసరా నాటికి శ్రీను రోజు విడిచి రోజు స్నానం చేస్తున్నాడు. ఒకరోజు తనంతట తనే కుళాయి దగ్గరికి వెళ్లి బిందె పట్టుకొచ్చాడు. గుమ్మంలో పెట్టి రొప్పుతూ నిలబడ్డాడు. ఉమకు సంతోషం కంటే ముందు భయమేసింది. ఓపిక వస్తోంది. ఆ రోజంతా పనిలో చెయ్యి మీద కర్ర పడుతూనే ఉంది.

సాయంత్రం పరుగున ఇంటికొస్తే అతను మంచం మీదే ఉన్నాడు.

“మావా, ఒక మాట అడుగుతాను. అబద్దం సెప్పకు. ఆ ఆలోసన వస్తన్నాదా?”

“తగ్గినాది. పోనేదు,” అన్నాడు. తర్వాత ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. “ఈ సేతులు సూసిన్నాడు ఎక్కువగా వచ్చినాది. నీతో సెప్పనేదు.”

ఉమ ఆ చేతులు అలాగే ఉంచింది.

గింజలు దొరక్క జీడి కార్ఖానా మూసేశారు, ఆ నెలలోనే. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదన్నారు. ఉమ ఊళ్లో కోతలకు వెళ్లింది. యంత్రం వచ్చి రెండు రోజుల్లో పొలాలు కోసేసింది. పెద్ద బడి వాళ్లు సౌందర్యను ఫీజు కోసం రెండుసార్లు నిలబెట్టారు. “ఊరి బడికే ఎల్తానమ్మా,” అంది ఆ పిల్ల. ఆ మాట అంత తేలికగా అన్నందుకు ఉమ రాత్రి అన్నం తినలేకపోయింది.

శ్యామసుందర్ ఏదో పని మీద ఊరికొచ్చాడు. శ్రీనును పలకరించి, పక్కన కూర్చుని, మాటలు దొరక్క లేచాడు. వెళ్తూ వెళ్తూ ఉమతో అన్నాడు: “సెల్లీ, మా ఇంటిది కూడా ఇప్పుడు అక్కడే ఉన్నాది. సీరలకి రాల్లు అంటించీ పని, దారాలు కత్తిరించీ పని. ఆడోల్లకి కూడా బాగానే ఇస్తన్నారు. నీకు ఇష్టమైతే మా కాడే ఉండొచ్చు.”

వద్దంది ఉమ. డాక్టరమ్మ మాట చెవిలో ఉంది. తర్వాత వారం రోజులు ఏం చేసినా శ్యామసుందర్ మాటే మనసులో తిరిగింది. ఉంటే అతన్ని కాపాడుకోవచ్చు. ఉండి ఏం పెట్టాలో తెలియదు. వెళ్తే పెట్టొచ్చు; వచ్చేసరికి అతను ఉంటాడో లేదో తెలియదు. ఎవరిని అడిగినా ఎటూ చెప్పలేదు. బుల్లమ్మ, “నాను రోజూ వచ్చి సూస్తాను. ఆసుపత్రికి నానే తీసుకెల్తాను. అంతకు మించి నాకేటీ తోసడం నేదమ్మా,” అంది.

సూరత్‌కు తనే వెళ్తానని శ్రీనుకు ఉమే చెప్పింది. అతను విన్నాడు. “నాను ఎల్లాలి,” అన్నాడు. లేచి నిలబడ్డాడు. సూరత్ అన్న మాట నోట్లోకి వచ్చేసరికే అతని పెదాలు తెల్లబడి, ఒళ్లు చెమట పట్టింది. ఉమ పట్టుకుని కూర్చోబెట్టింది.

“నువ్వు ఎల్లలేవు మావా,” అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అతనికి ఇంకా నొప్పిగా తగిలింది.

వెళ్లే రోజు అందరూ బరంపురం స్టేషన్‌కు వచ్చారు. ప్లాట్‌ఫారం నిండా సంచులు, బియ్యం మూటలు, కొత్త చొక్కాల కుర్రాళ్లు. శ్రీను బల్ల మీద కూర్చుని నేల చూస్తున్నాడు. కన్నమ్మ కోడలి చెయ్యి వదలడం లేదు. సౌందర్య ఎక్కడికో చూస్తోంది, ఏడవకుండా ఉండటానికి.

బండి వస్తున్నట్టు చెప్పాక శ్రీను తల ఎత్తాడు.

“సెవుల్లో దూది పెట్టుకో,” అన్నాడు.

“నాను మిషన్ల మీద కాదు కదా.”

“ఆ గదులు కూడా మిషన్ల పక్కనే ఉంటాయి. దూది పెట్టుకో. నీల్లు కాసుకుని తాగు. మేస్త్రీలు అడ్వాన్సు ఇస్తామంటారు, తీసుకోకు. తీసుకుంటే పండక్కి కూడా ఒదలరు.” ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఇన్ని మాటలు అతను ఒక్కసారిగా ఆడి చాలా నెలలైంది. “రోజూ ఎవులితోనైనా మాటాడు. పని సేసీ కాడ, ఒండుకునీ కాడ. నాను మాటాడ్డం మానేసినాను. నువ్వు అలాగ సెయ్యకు ఉమా.”

ఉమ తల ఊపింది. ఏదైనా అంటే వెళ్లలేనని భయమేసింది. బండి వచ్చింది. జనరల్ పెట్టె తలుపు దగ్గర తోపులాట. శ్రీను ఆమె సంచి అందుకుని గుంపులోకి రెండడుగులు వేశాడు. ఎవరి మోచెయ్యో తగిలి ఆగిపోయాడు. సంచి ఎత్తే బలం రాలేదు. శ్యామసుందర్ అందుకుని లోపలికి విసిరి, ఉమ చెయ్యి పట్టి పైకి లాగాడు. కిటికీలోంచి ఆమె ముఖం ఒకసారి కనిపించింది. మళ్లీ మధ్యలో ఎవరో అడ్డొచ్చారు.

సూరత్ వెళ్లాక ఉమ రోజూ సాయంత్రం ఇంటికి ఫోను చేస్తుంది. ముందు సౌందర్యతో మాట్లాడుతుంది, తర్వాత అత్తతో. మాత్ర వేసుకున్నాడా అని ఇద్దర్నీ వేరు వేరుగా అడుగుతుంది. మొదటి జీతంతో ఫీజు కట్టారు. కూర్మారావుకు ఇంకా సరైన పని దొరకలేదు. శ్రీను కొన్ని రోజులు లేస్తాడు, పెరడు ఊడుస్తాడు, తల్లికి బియ్యం ఏరి పెడతాడు. కొన్ని రోజులు మంచం దిగడు. ఆ రోజుల్లో బుల్లమ్మ రెండుసార్లు వస్తుంది. డాక్టరమ్మ మందు మార్చింది. ఇంకా సమయం పడుతుందంది. ఎంతో చెప్పలేదు.

చివరికి ఫోను శ్రీను చెవి దగ్గర పెడతారు. బాగున్న రోజున ‘తిన్నావా’ అంటాడు. బాగాలేని రోజున ఏమీ అనడు. అటు ఉమ చీర మీద రాళ్లు అంటిస్తూ ఆ రోజు ఏం వండిందో, పక్క గది పిల్లకు ఏం పేరు పెట్టారో, చెప్పుకుంటూ పోతుంది. మాటలైపోయాక ఇద్దరూ ఊరుకుంటారు. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆమె ఫోను పెట్టదు.

“ఉన్నావా?” అంటుంది కాసేపటికి.

అతను జవాబు చెప్పడానికి కొంతసేపు పడుతుంది. అంతసేపూ ఆమె చేతిలో పని ఆపి వింటుంది.

“ఉన్నాను,” అంటాడు.